మకరోదరమున లోహవిషము

దక్షిణాఫ్రికా దేశపు ఈశాన్యతీరమున, హిందూమహాసముద్రపు ఇసుకతిన్నెల వెనుక, సెయింట్ లూసియా అను విశాలమైన సరస్సు కలదు. నదీజలములును సముద్రజలములును ఒండొంటితో కలిసికొను ఇట్టి సరస్సులలో ఆఫ్రికా ఖండమున కెల్ల నిదియే పెద్దది. నీటిగుఱ్ఱములును, బహుజాతుల నీటిపక్షులును, నైలు మొసళ్ళును అచట తరతరములుగా కాపురముండుటవలన ఆ ప్రదేశమంతయు నేడు ఇసిమంగలిసో ఉద్యానమను పేర రక్షింపబడుచున్నది; 1999లో అది ప్రపంచ వారసత్వస్థలముగా గౌరవము నందినది. చట్టముచే ఇంతగా కాపాడబడు చోట మొసలి నిశ్చింతగా బ్రతుకుచున్నదని తలచుట సహజమే. కాని ఆ సరస్సులోని మొసళ్ళను పట్టి, నెత్తురు తీసి పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిన ఫలితములు ఈ తలపును తలక్రిందులు చేసినవి. ఒక మిల్లీలీటరు రక్తములో సీసము తక్కువలో తక్కువ 86 నానోగ్రాములు ఉండగా, ఎక్కువలో ఎక్కువ 13,100 నానోగ్రాములు ఉండెను. పసిబిడ్డ రక్తములో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాముల సీసము కనబడినచో ఆ బిడ్డను ప్రత్యేకముగా గమనింపవలెనని అమెరికా దేశపు వ్యాధినియంత్రణ కేంద్రము చెప్పుచున్నది. ఆ కొలతనుబట్టి చూచినచో, సీసము మిక్కిలి హెచ్చుగా నున్న ఆ మొసలి నెత్తురులో దానికి 370 రెట్లు మించిన సీసము ప్రవహించుచుండెనన్నమాట.

ఈ సీసము ఏ కర్మాగారమునుండియు రాలేదు. ఆ సరస్సున వినోదార్థము చేపలు పట్టువారు తమ గాలము నీటి అడుగునకు దిగుటకై తాడునకు సీసపు గుండ్లు కట్టుదురు. తాడు రాళ్ళకో వేళ్ళకో చిక్కుకొని తెగిపోవును. గుండు నీటిలో నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు గాలమును గుండును వెంటగొని చేప పాఱిపోవును. ఆ చేపను మొసలి మ్రింగును. చేపతోకూడ సీసమును దాని కడుపు చేరును. చేపల వేట ముమ్మరముగా సాగు భాగములలో తిరుగు మొసళ్ళయందే సీసము హెచ్చుగా నుండుట ఈ మార్గమునే సూచించుచున్నది.

మొసలి మేన చేరు లోహములలో కొన్ని గాలివలన వచ్చును, కొన్ని పాఱు నీటివలన వచ్చును, కొన్ని నేరుగా మనుష్యుని చేతినుండియే జాఱిపడును. మూడింటిలో చేతినుండి జాఱిపడు దానిని ఆపుట అన్నిటికంటె సులభము. అయినను లోకము అన్నిటికంటె ఎక్కువగా ఉపేక్షించినది దానినే. ఈ అధ్యాయమున పాఠకునకు నిరూపింపదలచిన విషయ మిదియే.

నశింపని విషము

ఇనుము, రాగి, జింకు మొదలగు లోహములు కొద్దిపాటి మోతాదులలో ప్రాణులకు అత్యవసరములు. మోతాదు మీఱినప్పుడు మాత్రమే అవి విషములగును. సీసమునకును పాదరసమునకును కాడ్మియమునకును అట్టి ఉపయోగము లేదు. వెన్నెముక గల ఏ జంతువు దేహమునందును వీనికి నిర్వహింపవలసిన కార్యము లేదు. సేంద్రియ విషములైనచో సూర్యరశ్మికిని సూక్ష్మజీవులకును లోనై కాలక్రమమున విఱిగి నశించును. లోహము మూలపదార్థ మగుటచే దానిని విఱుచుట ఏ జీవి తరమును కాదు. అది రూపము మార్చును, స్థలము మార్చును, ఒక దేహమునుండి వేఱొక దేహమునకు ప్రయాణించును; అంతియేకాని లేకుండ పోదు.

ఇట్లు ప్రయాణించు లోహమునకు మొసలివంటి ప్రాణి కడపటి మజిలీ. మొసలి దీర్ఘాయువు, అనేక దశాబ్దములు జీవింపగలదు. ఒక నదీభాగమును తన నెలవుగా చేసికొని, బహుకాలము అచటనే తిరుగును. ఆ నీటిలోని పురుగును చిన్నచేప తిన, చిన్నచేపను పెద్దచేప తిన, పెద్దచేపను తాను తిని, తన్ను తినగల జీవి లేని స్థానమున నిలిచినది. నీటిలో నున్నంతకాలము మొసలిని జయించువాడు లేడని మనవారు దాని స్థానబలమును వేనోళ్ళ పొగడిరి. ఆ స్థానమునందలి నీరే విషమైనప్పుడు, అదే స్థానబలము దానికి స్థానదోషముగా పరిణమించును. నేలమీది జంతువు చెడిన నీటిని విడిచి మఱియొక చెఱువు వెదకికొనవచ్చును. మొసలికి ఆ నీరే ఇల్లు, ఆ నీరే ఆహారము.

జఠరములోని రాయియు ఆమ్లమును

సీసపు గుండు మొసలికి ఇంత హాని ఏల చేయుననునది తెలియవలెనన్నచో దాని జఠరనిర్మాణమును కొంత పరిశీలింపవలెను. మొసలి మ్రింగునే కాని నమలదు. దాని దంతములు పట్టుకొనుటకును చీల్చుటకును తగినవి, నూఱుటకు పనికిరావు. ఎరను తునకలుగా చేసి, ఎముకలతోను పొలుసులతోను గుటుక్కున మ్రింగివేయును. జఠరము మొదటిభాగము బలిష్ఠమైన కండరములతో కూడిన సంచి. దాని చివర పేగులోనికి పోవు ద్వారము మిక్కిలి ఇఱుకు. మెత్తబడని వస్తువు ఆ ద్వారమును దాటలేదు. మొసళ్ళ జఠరములలో గులకరాళ్ళు విరివిగా కనబడును. వానిని అవి మ్రింగి బహుకాలము దాచుకొనును. ఒకసారి లోనికి పోయిన సీసపు గుండు ఆ రాళ్ళ నడుమ చేరి, కండరముల ఒత్తిడికి వానితో ఒఱసికొనుచు, వారములకొలది నెలలకొలది అచటనే యుండును.

రాపిడికి తోడు ఆమ్లము కలదు. భోజనానంతరము మొసలి జఠరమున స్రవించు ఆమ్లము ఎముకలను సైతము కరగించునంతటి తీక్ష్ణమైనది. ఈ శక్తికి మూలము దాని గుండెలో నున్నది. మొసలిజాతి హృదయమునుండి వెడలు రెండు మహాధమనుల నడుమ ఒక చిన్న రంధ్రము కలదని ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు బార్తొలొమియో పనిజా 1833లో వర్ణించెను. నేటికిని అది పనిజా రంధ్రమనియే పిలువబడుచున్నది. ఊపిరితిత్తులకు పోవలసిన మలినరక్తములో కొంతభాగము దారి మళ్ళి ఎడమ మహాధమనిద్వారా జీర్ణాంగములకు పోవునట్టి విచిత్రమైన ఏర్పాటు ఆ హృదయమున కలదు. దీని ప్రయోజన మేమో చాలకాలము తెలియలేదు. అమెరికాలో కొలీన్ ఫార్మరును ఆమె సహచరులును మొసలికి దాయాదియైన అలిగేటరుపై ప్రయోగములు చేసి, బొగ్గుపులుసు వాయువు నిండిన ఆ రక్తము ఆమ్లోత్పత్తికి ముడిసరుకుగా ఉపయోగపడుచున్నదనియు, ఆ మళ్ళింపును శస్త్రచికిత్సతో అరికట్టినచో ఆమ్లస్రావము తగ్గి ఎముకలు కరగుట మందగించుననియు 2008లో తెలియజేసిరి.

చింతపండు పులుసు కాచు ఇత్తడిగిన్నెకు మన ఇండ్లలో కళాయి పూయించుట యెందులకు? పులుపు తగిలిన లోహము కొంచెము కొంచెముగా కరగి కూరలో కలియునని అనుభవమున నెఱిగిన గృహిణుల జాగ్రత్త యది. మొసలి జఠరమునకు కళాయి లేదు. వరప్రసాదమువలె లభించిన ఆ తీక్ష్ణామ్లమే, జింక తొడయెముకను ఎట్లు కరగించునో సీసపు గుండును గూడ అట్లే కరగించి రక్తములోనికి పంపుచున్నది.

రక్తమున చేరిన సీసము చేయు పనిని వైద్యులు మనుష్యులయందు చక్కగా పరిశీలించియున్నారు. ప్రాణవాయువును మోయు ఎఱ్ఱని పదార్థము దేహమున తయారగుటకు కొన్ని ఎంజైములు కావలెను. సీసము వానిలో ముఖ్యమైన వానిని స్తంభింపజేయును. అందుచే రక్తహీనత కలుగును. సున్నపు ధాతువైన కాల్షియమును పోలిన నడవడి గలదగుటచే నరములకును మెదడునకును పోయి అచటి వ్యాపారమును చెఱచును. ఎముకలలో చేరి దశాబ్దములపాటు నిలిచియుండును. సెయింట్ లూసియా మొసళ్ళలో సీసము మిక్కిలి హెచ్చుగా నున్నవానియందు ఈ రక్తహీనతయే స్పష్టముగా కానవచ్చినది. ఆరోగ్యముగా నున్న నైలు మొసలి నెత్తురులో ఎఱ్ఱకణముల భాగము సుమారు ఐదవవంతు ఉండును. ఈ మొసళ్ళలో అది 4.6 మొదలు 10.8 శాతము వఱకు మాత్రమే యుండెను. దంతములు పాడై శిథిలములై యుండెను. ఆయుర్దాయ మంతయు పాతపళ్ళు ఊడి క్రొత్తపళ్ళు మొలచుచుండు జంతువునకు పళ్ళు చెడుట అల్పమైన లక్షణము కాదు. పట్టు తప్పిన మొసలి వేటాడలేదు. వేటాడలేని మొసలి మనుగడ దుర్లభము.

కవచమున లిఖితమైన చరిత్ర

మొసలినుండి రక్తము తీయుట మాటలతో పోవు పని కాదు. పైదవడకు ఉచ్చు బిగించి ఒడ్డునకు లాగి, నోటిని బలమైన పట్టీతో చుట్టి, కన్నులపై తడిగుడ్డ కప్పి, నలుగురైదుగురు మనుష్యులు దాని వీపుపైన కూర్చుండి అదిమిపట్టియుండగా, తల వెనుక వెన్నెముక మొదలులోని సిరలోనికి సూదిని గ్రుచ్చవలెను. ఇంత శ్రమపడి తీసిన నెత్తురు చెప్పునది ఇటీవలి కథయే. పాతకథ చెప్పునది దాని కవచము. మొసలి వీపున చర్మము క్రింద వరుసలుగా అమరిన అస్థిఫలకములు కలవు. ఏటేట వీనిలో క్రొత్తపొర ఏర్పడును; ఆ యేడు దేహమున ప్రవేశించిన సీసములో కొంత ఆ పొరలో నిక్షిప్తమగును.

ఆస్ట్రేలియా ఉత్తరభాగమున కకాడు జాతీయోద్యానము కలదు. యురేనియము గని ఆ ప్రాంతమున నుండుటచే అచటి నీటిలోని లోహములపై శాస్త్రజ్ఞులకు మొదటినుండియు శ్రద్ధ మెండు. వారు ఉప్పునీటి మొసళ్ళ అస్థిఫలకములను పొరలు పొరలుగా పరీక్షించి, అవి ఆ మొసళ్ళకు సోకిన అధికసీసమును భద్రపఱచియున్నవని 1999లో ప్రకటించిరి. ఆ సీసమునకు కారణము గని కాదు; వేటగాండ్రు వాడు సీసపు తూటాలును రవ్వలును అని తేలినది. తుపాకిదెబ్బ తిని చావక తప్పించుకొన్న పక్షియో పందియో మొసలి నోట బడినప్పుడు ఆ సీసమును వెంట తెచ్చును. అందఱి కన్నులును గనివైపు చూచుచుండగా, విషము వేటగాని సంచినుండి వచ్చుచుండెను. కాలుష్యమును శోధించువారు గుర్తుంచుకొనదగిన పాఠ మిది: పెద్దదిగా కనబడు కారణమే నిజమైన కారణము కానక్కరలేదు.

ఆ దేశముననే పిల్లమొసళ్ళకు సీసపు రవ్వలు తినిపించి 20 వారములు గమనించిరి. రవ్వలు జఠరమునందే నిలిచి క్రమముగా అరగిపోయినవి. రక్తమున సీసము విపరీతముగా పెరిగినది. అయినను ఆ పిల్లలయందు బాహ్యముగా రోగలక్షణములు కనబడలేదు. ఇంత సీసము ఒక పక్షి నెత్తురున చేరియున్నచో అది ఎన్నడో మరణించియుండెడిది. ఈ ప్రయోగమును చూచి మొసలికి సీసము ఏమియు చేయజాలదను అభిప్రాయము కొందఱికి కలిగినది. కాని కొన్ని వారముల ప్రయోగము వేఱు, ఏండ్ల తరబడి గుండు వెంట గుండు మ్రింగుచు బ్రతుకుట వేఱు. సెయింట్ లూసియాలోని రక్తహీనతయు చెడిన దంతములును ఈ భేదమునే చాటుచున్నవి. మొసలి సహనము గొప్పదే. ఆ సహనమును ఆరోగ్యమని భ్రమించుట మన అవివేకము. బాధను వెలిబుచ్చని ప్రాణికి బాధ లేదనుట న్యాయము కాదు.

చెఱలోని మొసళ్ళు

నదిని విడిచి మనుష్యుని పోషణలోనికి వచ్చిన మొసలికైన ఈ బెడద తప్పినదా యనినచో, తప్పలేదు. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున తోలుకొఱకును మాంసముకొఱకును అలిగేటర్లను పెంచు క్షేత్రములు కలవు. న్యూట్రియా అను పెద్దయెలుకవంటి జంతువు దక్షిణ అమెరికానుండి ఆ రాష్ట్రమునకు వచ్చి, చిత్తడినేలల పచ్చదనమును కొఱికివేయుచుండుటచే దానిని కాల్చి చంపుదురు. చౌకగా దొరకు ఆ మాంసమును అలిగేటర్లకు మేతగా వేసిరి. తూటాల తునకలు ఆ మాంసముననే యుండెను. పెంపకములోని అలిగేటర్లలో సీసము హెచ్చుగా నున్నదని 1998లో వెల్లడియైనది. ఆ రాష్ట్రమునందే రాక్‌ఫెల్లర్ వన్యప్రాణి ఆశ్రయమున అనేక సంవత్సరములు ఇట్టి మాంసముపై పెరిగిన అలిగేటర్లు గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయుటలో విఫలములగుట గమనించి, దీర్ఘకాలము లోనికి పోయిన సీసము దానికి తోడ్పడియుండవచ్చునని 2006లో పరిశోధకులు అభిప్రాయపడిరి. తల్లి ఎముకలలోని కాల్షియమును తీసి గ్రుడ్డు పెంకును నిర్మించు ప్రాణియందు, ఆ ఎముకలలో దాగిన సీసముగూడ కదలివచ్చుట ఆశ్చర్యకరము కాదు. పెంచువారు క్రూరులు కారు, నిర్లక్ష్యపరులును కారు. మేతలో నున్న దానిని కంటితో చూడలేకపోయిరి, అంతే. ఒక్క ఎక్స్‌రే చిత్రము తీసియున్నచో ఆ తునకలు తెల్లని చుక్కలుగా కనబడియుండెడివి.

జంతుప్రదర్శనశాలలలో ప్రమాదము వేఱొక రూపమున వచ్చును. అమెరికాలో ఒమాహా నగరపు హెన్రీ డోర్లీ జంతుశాలయందు తిబొడో అను పేరుగల తెల్లని అలిగేటరు కలదు. 2024 ఫిబ్రవరిలో, 36 సంవత్సరముల వయస్సు గల ఆ ప్రాణి కడుపులో ఏవో లోహపు వస్తువులు ఉన్నట్లు ఎక్స్‌రేలో కనబడగా, వైద్యులు దానికి మత్తు ఇచ్చి, నోటిని కాపాడుటకు ప్లాస్టిక్ గొట్టమమర్చి, దానిగుండ పరికరములను పంపి, ఒక్కొక్కటిగా 70 నాణెములు వెలికి తీసిరి. మడుగులో నాణెము విసరి కోరిక కోరుకొను సందర్శకుల కానుక లవి. అమెరికా సెంటు నాణెము 1982నుండి రాగిపూత పూసిన జింకు బిళ్ళ. జఠరామ్లమునకు ఆ పూత ఎంతోకాలము నిలువదు. లోని జింకు కరగి ఎఱ్ఱకణములను నాశనము చేయగలదు. నీటికి నాణెము సమర్పించుట పుణ్యమను భావము మనయందును కలదు. గోదావరి వంతెనపై రైలు సాగుచుండగా కిటికీలోనుండి నాణెము విసరి చేతులు జోడించువారిని ఎఱుగనివా రెవ్వరు? ఆ భక్తి నదికి చెందినది. జంతుశాలలోని మడుగు తీర్థము కాదు. అది ఒక మూగప్రాణి నివసించు గది.

మెట్లెక్కి వచ్చు పాదరసము

సీసము గుండుగా నేరుగా కడుపున పడును. పాదరసము అట్లు కాక ఆహారశ్రేణి మెట్లు ఎక్కి వచ్చును. బొగ్గు మండించుటవలనను, చెత్త కాల్చుటవలనను, బంగారపు గనులవలనను గాలిలోనికి లేచిన పాదరసము వర్షముతో నేలకు దిగి, చిత్తడినేలల అడుగుబురదలో చేరును. ప్రాణవాయువు లేని ఆ బురదలో గంధక లవణములపై బ్రతుకు సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. జపానులో మినమాతా అఖాతపు పల్లెలలో 1956లో బయటపడిన ఘోరవ్యాధికి కారణమైన విష మిదియే. ఇది కండరమును నరమును అంటిపెట్టుకొని తొందరగా విసర్జింపబడదు. కావున ఒక్కొక్క మెట్టునకు దాని గాఢత హెచ్చుచు, శిఖరమున నున్న జంతువునందు అత్యధికమగును. ఫ్లోరిడా రాష్ట్రపు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలలోని అలిగేటర్లయందు ఆ రాష్ట్రపు ఇతరభాగములలోని వానికంటె పాదరసము హెచ్చని పలుమార్లు తేలినది. మధ్య అమెరికాలోని బెలీజు దేశమున మొరెలె మొసలి గ్రుడ్లలోనే పాదరసము కనబడినది; అనగా పుట్టకముందే పిల్లకు తల్లివలన ఆ భారము సంక్రమించుచున్నది.

ఎవర్‌గ్లేడ్స్‌కు ఉత్తరమున చెఱకుతోటలు కలవు. ఆ పొలములనుండి పాఱు నీటిలోని గంధక లవణములు సూక్ష్మజీవుల పనికి ఊతమిచ్చుచున్నవి. పాదరసమొక చోటినుండి, గంధకమొక చోటినుండి వచ్చి, మూడవ చోట కలిసి విషమగుచున్నవి. ఇట్టి విషమును నివారించుట కష్టసాధ్యము. పలుదేశములు కూడి పలుదశాబ్దములు పాటుపడవలెను. సీసపు గుండు విషయమున ఈ చిక్కు లేనేలేదు.

చంబల్ నదీతీరమున

మనదేశమున మకరవిషాదమనిన మొదట స్మరింపవలసినది చంబల్ నది. 2007 డిసెంబరునుండి 2008 మార్చి వఱకు ఆ నది దిగువభాగమున, యమునతో కలియు చోటికి ఎగువన, నూటికి పైగా ఘరియాలులు మరణించి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి. సన్నని పొడవైన ముట్టె గలిగి ప్రధానముగా చేపలనే తినునట్టి ఆ జాతి, అంతరించిపోవు ప్రమాదపు అంచున నున్న జాతి. మృతదేహములను పరీక్షింపగా మూత్రపిండములు పనిచేయుట మానివేయుటచే యూరికామ్లము తెల్లని పొరగా అంతరాంగములపై పేరుకొనియుండుట కనబడినది. దేహములలో సీసము, కాడ్మియము ఉన్నట్లు తేలుటచే తొలుత అవియే హంతకులని అనేకులు తలచిరి. పిమ్మట అంతర్జాతీయ నిపుణులు విచారించి, ఆ లోహములు మాత్రమే ఈ మరణములకు చాలవనియు, మూత్రపిండములను దెబ్బతీయు వేఱొక విషము చేపలద్వారా, బహుశః యమునవైపునుండి, సోకియుండవచ్చుననియు, ఆ చలికాలపు తీవ్రత దానికి తోడైయుండుననియు భావించిరి. ఆ విషమేదో నేటికిని నిర్ధారణ కాలేదు.

ఇది లోహములను నిర్దోషులని ప్రకటించుట కాదు. సీసమును కాడ్మియమును మూత్రపిండములకు హానికరములని వైద్యశాస్త్రము ఎఱుగును. ముందే బలహీనపడిన మూత్రపిండముపై క్రొత్తవిషము పడినచో ఫలిత మేమగునో ఊహించుట కష్టము కాదు. కాని రుజువునకు మించి నేరము మోపుట శాస్త్రధర్మము కాదు. లోహము కనబడినంతనే అదియే హంతకమని తీర్మానించుటవలన అసలు విషము తప్పించుకొనును. చంబల్ విషాదమునందు మనము పడవలసిన చింత వేఱు: ఘరియాలులు సుఖముగా నున్న కాలమున వాని నెత్తురులో ఏమున్నదో ముందుగా కొలిచి వ్రాసియుంచినచో, విపత్తు వచ్చిననాడు పోల్చిచూచుటకు ఆధారముండెడిది. ఆరోగ్యకాలపు లెక్కలేని చోట రోగకాలపు లెక్క అర్థము కాదు.

మన నదులు, మన బాధ్యత

తెలుగుదేశమునకు మొసలి సంరక్షణముతో గల సంబంధము చిన్నది కాదు. భారతప్రభుత్వము 1975లో మొసళ్ళ సంరక్షణ పథకమును ప్రారంభించిన పిమ్మట, దేశమందలి అటవీ ఉద్యోగులకు శిక్షణ నొసగు కేంద్రీయ మకరసంవర్ధన సంస్థ హైదరాబాదునందే నెలకొల్పబడినది. మంజీరా అభయారణ్యమునను కిన్నెరసానిలోను మగ్గర్ మొసళ్ళు నేటికిని ఎండ కాగుచున్నవి. అదే మంజీరా నదిలోనికి పటాన్‌చెరువు పారిశ్రామికవాడ మురుగు ఇసకవాగు, నక్కవాగుల గుండ చేరుచు వచ్చినది. ఆ ప్రాంతపు మట్టిలో ఆర్సెనిక్, క్రోమియము, సీసము మొదలగునవి హద్దుమీఱి యున్నవని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించిరి. వాగునుండి మట్టికి, మట్టినుండి నీటికి, నీటినుండి చేపకు లోహము నడచు దారి తెలిసినదే. ఆ చేపను మొసలి ఒక్కటియే తినుట లేదు. ఒడ్డునగల పల్లెలలోని వారును తినుచున్నారు. మొసలి నెత్తురును పరీక్షించుట మొసలిపై దయచేత మాత్రమే చేయదగిన పని కాదు.

మన జాలరుల విసురువలల అంచున కుచ్చులుగా వ్రేలాడు గుండ్లును సీసపువే. తరతరములుగా వచ్చిన పనిముట్టును తప్పుపట్టి, పేదజాలరిపై భారము మోపుట ఈ గ్రంథకర్త ఉద్దేశము కాదు. సీసము చౌక, మెత్తన, బరువైనది. సులభముగా కరగించి పోసికొనవచ్చును. అందుచేతనే వాడుకలోనికి వచ్చినది. దానికి బదులు ఇనుము, ఉక్కు, రాయి, కాల్చిన మట్టి పనికివచ్చును. ఆ మార్పునకగు వ్యయమును ప్రభుత్వము భరింపవలెను.

ఇట్టి మార్పు సాధ్యమని రుజువు చేసిన దేశములు కలవు. బ్రిటనులో గాలపు సీసగుండ్లు మ్రింగి హంసలు వరుసగా చనిపోవుచుండగా, 1987లో ఆ చిన్నగుండ్ల అమ్మకమును చట్టముచే నిషేధించిరి. పిదప హంసల సంఖ్య మరల పెరిగినది. అమెరికాలో నీటిపక్షుల వేటకు సీసపు రవ్వలు వాడరాదని 1991నుండి దేశమంతట నియమ మేర్పడినది. వేట ఆగలేదు, సీసమే ఆగినది. మనదేశము 2000 సంవత్సరము నాటికి పెట్రోలునుండి సీసమును తొలగించినది. బండ్లు నడచుట మానలేదు. సీసమును విడిచినందువలన ఏ దేశమును నష్టపడలేదు.

కావున చేయవలసినవి మూడు. మొసళ్ళున్న జలాశయములలో గాలమునకును వలకును సీసపు గుండ్లు వాడుట మాన్పించి, బదులు గుండ్లను ఉచితముగా నొసగవలెను. జంతుశాలలలోను పెంపకకేంద్రములలోను తుపాకితో చంపిన జంతువుల మాంసమును మేతగా వేయరాదు. అచటి ప్రతి మొసలికిని ఏడాదికొకసారియైన ఎక్స్‌రే తీయవలెను. మంజీరాయందును కిన్నెరసానియందును చంబల్ నదియందును ఆరోగ్యముగా నున్న మొసళ్ళ రక్తమును, గుర్తుకొఱకు కత్తిరించు తోకపొలుసును క్రమముగా పరీక్షించి, ఆ లెక్కలను ప్రజలకు వెల్లడి చేయవలెను. పాఠకుడు చేయదగినదియు ఒకటి కలదు. జంతుశాలలో మొసలి మడుగు ఒడ్డున పిల్లవాడు నాణెము చేతబట్టి నిలిచినప్పుడు, ఆ చేయి పట్టుకొని ఆపి, ఎందుకు వేయరాదో వానికి తెలియజెప్పవలెను.